నాలుగు ట్యూబుల వరస

బావగారి ఇంట్లో చీటీ లేని వస్తువంటూ లేదు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని ఉంటుంది. అది న్యాయమే. ఫ్యాను స్విచ్చి మీద 'ఫ్యాను' అని ఉంటుంది. అదీ పోనీలే అనుకోవచ్చు. గోడ గడియారం కింద 'గడియారం' అని ఉంటుంది. దాన్ని చూసి ఎవరైనా ఇంకేదో అనుకుంటారన్న భయం ఆయనకి ఎందుకు కలిగిందో ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ఆయన ఉద్యోగం నక్షాల ఆఫీసులో. నక్షా ఎవరో గీస్తే దాని మీద వీధుల పేర్లూ, వాగుల పేర్లూ చేత్తో రాసేవారు. వాగు ఎటు వంపు తిరిగితే పేరూ అటే వంపు తిరిగేది. ఇరవై ఏళ్ళు అలా రాశాక ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. ఉద్యోగం పోలేదు గానీ రాసే పని పోయింది. చేతిలో మిగిలిపోయిన అక్షరాలన్నీ ఇంటికొచ్చి పడ్డాయి.

ఆయన మరదలు, అంటే పిల్లలకి పిన్ని, పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియను. పిల్లలు పుట్టాక ఇంటిల్లిపాదికీ ఆవిడ పిన్నే అయిపోయింది. తోడబుట్టిన అక్క కూడా "పిన్నీ, ఆ గిన్నె ఇలా అందుకో" అంటుంది. పెళ్ళిళ్ళలో బంధువులు ఆవిణ్ణి "మా అమ్మాయే, ఆసుపత్రిలో చేస్తుంది" అని పరిచయం చేసి, అవతలివాళ్ళు "డాక్టరా?" అని అడిగేలోపు మాట మారుస్తారు. వారానికోసారి వాళ్ళలో ఎవరో ఒకరు తమ చక్కెర రిపోర్టు ఫోనులో పంపి "ఇది ఎక్కువా?" అని అడుగుతారు. ఎక్కువే అంటే "ఆ మిషను అంత మంచిది కాదులే" అంటారు. ఫర్వాలేదు అంటే "ఆ మిషను చాలా మంచిది" అంటారు. పన్నెండేళ్ళ సర్వీసులో పిన్నికి బోధపడింది ఇంతే. మనుషులు మిషన్ని అనుమానిస్తారు, ఒంటిని అనుమానించరు.

బావగారి పెద్దకూతురికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు. పెద్దది చదవడం బళ్ళో నేర్చుకోలేదు, గోడల మీద నేర్చుకుంది. మూడున్నరేళ్ళకే గడియారం కింద నిలబడి "గ-డి-యా-రం" అని చదివేసింది. బావగారు ఆ సంగతి ఎదురైనవాళ్ళందరికీ చెప్పారు. ఎదురవనివాళ్ళకి ఫోను చేసి చెప్పారు.

ఆరు నెలల కిందట ఒకరోజు అదే గడియారం కింద నిలబడి, "గ... గ..." అని ఆగిపోయింది.

బావగారు ఆ చీటీ పీకేసి కాస్త పెద్ద అక్షరాలతో ఇంకోటి రాసి అంటించారు. పై నెలలో ఇంకా పెద్దది రాశారు. ఇప్పుడు ఆ చీటీ గడియారం కంటే పెద్దది.

తర్వాత కాళ్ళ వంతు వచ్చింది. నడుస్తుంటే మడమలు నేలకి ఆనడం మానేశాయి. చెప్పులు కరుస్తున్నాయేమోనని మూడు జతలు మార్చారు. బళ్ళో టీచరు 'శ్రద్ధ తగ్గింది' అని రాసి పంపితే శ్రద్ధకి టానిక్కు కొన్నారు. బంధువుల్లో ఒకావిడ మాత్రం అసలు కారణం చెప్పింది. "చెల్లెలు పుట్టింది కదమ్మా, అసూయ." చెల్లెలు పుట్టి మూడేళ్ళయింది. అసూయ కొంచెం ఆలస్యంగా బయల్దేరిందన్నమాట.

ఆరో నెలలో చేతిలో గ్లాసు నిలవడం మానేసింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. పిన్ని వెంట ఉండి స్కాను తీయించింది. మెదడు లోపలి తెల్లభాగం రెండు వైపులా మబ్బు పట్టినట్టుంది.

పిల్లల నరాల డాక్టరు మాటలు పొదుపుగా వాడే మనిషి. ముందుగా ఒక కాగితం ఇచ్చాడు. అందులో మీ వంశంలో నడక పోయినవాళ్ళున్నారా, చిన్నప్పుడే పోయినవాళ్ళున్నారా అంటూ పద్నాలుగు ప్రశ్నలు. బావగారు పద్నాలుగింటికీ 'లేదు' అని రాశారు. అంత అందమైన పద్నాలుగు 'లేదు'లు డాక్టరు తన జన్మలో చూసి ఉండడు.

"రెండు దార్లున్నాయి. మొన్నామధ్య జ్వరం వచ్చిందన్నారుగా, దాని వెనకాల మెదడు వాచి ఉండొచ్చు. అదైతే మందుకి లొంగుతుంది. లేదంటే పుట్టుకతో వచ్చింది. ఒంట్లో ఒక రకం కొవ్వుని విరగ్గొట్టడానికి ఒక రసం ఉండాలి. అది లేకపోతే ఆ కొవ్వు పేరుకుపోయి నరాల మీది తొడుగుని తినేస్తుంది."

"ఏ దారో ఎలా తెలుస్తుందండీ?" అక్క అడిగింది.

"వెన్నులోంచి నీళ్ళు తీద్దాం. వాపయితే ఆ నీళ్ళలో కణాలు కనబడతాయి. కణాలు లేకుండా ప్రోటీను ఒక్కటే పెరిగితే రెండోదాని వైపు చూడాలి. ఇంకో ప్రోటీను ఉంది, నరాల తీగలు అరుగుతుంటే రాలేది. అదీ చూద్దాం."

"మా వైపు ఇలాంటివి లేవండి" అన్నారు బావగారు.

"మా వైపు అసలే లేవు" అంది అక్క. "మా నాయనమ్మ తొంభై నాలుగేళ్ళు బతికింది, చివరి రోజు దాకా నడిచింది."

"మా తాత తొంభై ఆరు."

"ఇది ఒక వైపునుంచి రాదండి" అన్నాడు డాక్టరు. "ఇద్దరి దగ్గర్నుంచీ చెరి సగం రావాలి. అలా మోసేవాళ్ళకి ఏమీ ఉండదు, తొంభై ఆరేళ్ళూ బతకొచ్చు."

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ ఇద్దరికీ సరిసమానంగా పంచిన మొదటి వస్తువు అది. ఇద్దరూ అక్కర్లేదన్నట్టు చూశారు.

"ఇంకో మాట. చిన్నపాప ఉంది కదా. రెండో దారే అయితే ఆ పాపకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. లక్షణాలు మొదలవకముందు దొరికితే చెయ్యగలిగింది చాలా ఉంది. మొదలయ్యాక దొరికితే తక్కువ. నా మాట వింటే పెద్దపాపతో పాటు మీ ముగ్గురి రక్తం కూడా ఇప్పుడే బయటి ల్యాబుకి పంపిద్దాం. ఆ రసం ఎంతుందో వాళ్ళు చెబుతారు."

బావగారు తలూపలేదు. "పెద్దదానికే ఇంకా ఏదీ తేలలేదు కదండీ. తేలకుండా పసిదానికి సూదెందుకు? వరసలో ముందున్నది ముందు తేలనివ్వండి."

ఆయన దేన్నైనా వరసలోనే చేస్తారు. చొక్కా బొత్తాలు కూడా పైనుంచి కిందికే పెడతారు.

వరండాలో అక్క పిన్ని చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు నువ్వే చూడవే. ఇంకొకళ్ళ చేతికి ఇవ్వకు."

"నేను చూస్తే ప్రోటీను తగ్గుతుందా అక్కా?"

"తగ్గుతుందని కాదు. ఊరికే."

నీళ్ళు తియ్యడం మంగళవారం మధ్యాహ్నం. పిన్ని వార్డుకి వెళ్ళలేదు, ల్యాబు కిటికీ దగ్గరే కూర్చుంది. వెన్ను నీళ్ళు చుక్కలు చుక్కలుగా నాలుగు ట్యూబుల్లో పడతాయి. ఏది ముందు నిండిందో దాని మీద ఒకటి అని, తర్వాతవాటి మీద రెండు, మూడు, నాలుగు అని వార్డులోనే రాస్తారు. ఆ వరస తప్పకూడదు. సూది లోపలికి పోతూ చిన్న రక్తనాళాన్ని గీరితే ఆ రక్తం మొదటి ట్యూబులో పడుతుంది, చాలా రోజుల తర్వాత కుళాయి తిప్పితే మొదట వచ్చే తుప్పు నీళ్ళలాగ. రక్తం నిండా ప్రోటీనే కాబట్టి మొదటి ట్యూబు మాట నమ్మరు. ఈ ల్యాబులో ప్రోటీనుకి మూడోది వాడతారు.

మూడు గంటలకి కిటికీ అవతల బావగారు ప్రత్యక్షమయ్యారు, చేతిలో నాలుగు ట్యూబులతో. వార్డు మనుషుల్ని నమ్మలేక తనే తెచ్చారు.

పిన్ని ట్యూబులు అందుకుని చూసింది. నాలుగింటి మీదా తెల్లటి చీటీలు, గీత పెట్టి కోసినట్టున్నాయి. పేరు, వయసు, తేదీ. కుడివైపు చిన్న గుండ్రటి గడిలో అంకె. నక్షా మీద పట్టణాలకి అలాంటి గడి వేస్తారు.

"ఇవి ఎవరు రాశారు బావగారూ?"

"నేనే. ఆ కుర్ర డాక్టరు రాత చూశావా? ఒకటి వేస్తే ఏడులా ఉంది. రేపు ఎవరైనా ఏడో ట్యూబేదీ అని వెతుక్కుంటే? లిఫ్టు కోసం ఎలాగూ పది నిమిషాలు కూర్చోవాల్సొచ్చింది. జేబులో చీటీలున్నాయి."

"ఒకటి పీకి ఒకటి అంటించారా, నాలుగూ పీకేసి అంటించారా?"

"నాలుగూ పీకేసి. జిగురు మరకలు తుడవాలి కదా."

"వరస?"

"వరసలోనే పెట్టుకున్నా. ఒళ్ళో."

"ఒళ్ళో."

"ఎడమనుంచి కుడికి."

"మధ్యలో లేవలేదు కదా?"

"లిఫ్టు వచ్చిందనుకుని లేచా" అన్నారు బావగారు. "అది పైకి వెళ్ళేది. మళ్ళీ కూర్చున్నా."

పిన్ని ట్యూబుల్ని లైటుకి పట్టి చూసింది. నాలుగూ నీళ్ళే. రెండో నంబరుది ఒక చిటికె గులాబీగా ఉందేమో అనిపించింది. కాస్త పక్కకి జరిగి చూస్తే నాలుగోది అనిపించింది.

ల్యాబులో ఒక పుస్తకం ఉంది. తప్పుగా వచ్చిన శాంపిళ్ళని అందులో రాసి వెనక్కి పంపుతారు. తేదీ, శాంపిలు, కారణం, చివరి గడిలో 'తప్పు ఎవరిది'. వార్డు, ల్యాబు, లిఫ్టు మనిషి, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. చుట్టాల పేరు మాత్రం ఇంతవరకు లేదు. పిన్ని పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని, మళ్ళీ మూసి ల్యాబు పెద్ద దగ్గరికి వెళ్ళింది. అక్కడ అందరూ మేడమ్ అనే ఆవిడ నలభై ఏళ్ళుగా మైక్రోస్కోపులోంచే లోకాన్ని చూస్తోంది.

"మూత్రమైతే పారేసి ఇంకోటి తెమ్మందుం" అంది మేడమ్ కన్ను తియ్యకుండానే. "ఇది పారేస్తే పిల్లని మళ్ళీ గుచ్చాలి. పారెయ్యకు. నాలుగింట్లోనూ చూడు. ఎర్రకణాలు ఎందులో ఎక్కువుంటే అదే మొదటిది. రిపోర్టు మీద సంతకం నాది, నువ్వు మిషన్లో పెట్టు చాలు."

పిన్ని లెక్కపెట్టింది. ఎర్రకణాలు అన్నిటికంటే ఎక్కువున్నది బావగారు చక్కగా '3' అని రాసినదాంట్లో. అంటే ప్రోటీనుకి పోవాల్సిన ట్యూబే నిజానికి మొదటిది. ఎక్కువంటే ఎంత, మూడు వందల లోపే. వెయ్యి ఎర్రకణాలుంటే ప్రోటీను ఒక్క అంకె పెరుగుతుందని పిన్ని చదువుకున్న రోజుల్లో బట్టీ పట్టింది. వాపు కణాలకోసం వెతికింది. ఒక్కటి కనిపించింది, ఒక్కటి మామూలే.

తర్వాత ప్రోటీను. నలభై దాటకూడదు. మిషను ఒక్కో ట్యూబుకీ ఒక్కో అంకె వేసింది. 130. 129. 131. 129.

వరస ఏదైనా నాలుగు ట్యూబులూ ఒకే మాట చెప్పాయి.

పిన్నికి ఏమీ అనిపించలేదు. ఆకలేసింది. సొరుగులో బిస్కట్లుంటే నాలుగు తిని, చేతులు కడుక్కుని, నాలుగు ట్యూబుల్లోంచీ కొంత కొంత నీళ్ళు రెండో ప్రోటీను కోసం ఫ్రీజరులో పెట్టింది. ఆ మిషను గురువారం గాని నడవదు.

బావగారి గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయన జీవితంలో తప్పు చెయ్యలేదు. ఒకసారి తప్పు బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి దిగి, "ఈ చివరెలా ఉంటుందో చూద్దామనే ఎక్కా" అన్నారు. ఇంటి తలుపు ఎత్తు తక్కువై తల తగిలితే, తల తగిలిన చోట 'తల' అని చీటీ అంటించారు గానీ, కొలత తనదేనని ఒప్పుకోలేదు.

అలాంటి మనిషి, వరస తప్పిందనీ ఒక ట్యూబులో కాస్త రక్తం కలిసిందనీ పిన్ని చెప్పిన మర్నాడు, బుధవారం ఉదయం బంధువుల గ్రూపులో ఇలా రాశారు: 'అందరికీ నమస్కారం. నా పొరపాటు వల్ల పాప శాంపిలు తారుమారైనది. తప్పు పూర్తిగా నాదే. కావున వచ్చిన ఫలితమును ఎవరూ పరిగణించవద్దు.'

పదిహేనుమంది దండం బొమ్మ పెట్టారు. ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఒకాయన దాని కిందే తన కొలెస్ట్రాలు రిపోర్టు పెట్టి 'ఇది ఎక్కువా?' అని అడిగాడు.

అక్క ఫోను చేసింది. "పదకొండేళ్ళుగా ఆ మనిషి నోట 'తప్పు నాదే' అన్న మాట వినాలని ఎంత ఎదురుచూశానో నీకు తెలుసుగా?"

"తెలుసు."

"పొద్దున్నుంచి పద్నాలుగుసార్లు అన్నారు."

"మరింకేం, సంతోషించు."

"వినలేకపోతున్నానే" అంది అక్క. "నిజంగానే తారుమారైందా?"

"నంబర్లు తారుమారయ్యాయి. నీళ్ళు అవే అక్కా."

"అంటే?"

"రేపు రెండోది వస్తుంది. డాక్టరుగారు చెబుతారు."

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళింది. పెద్దది సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. పిన్నిని చూసి నవ్వింది. నవ్వు మొదలైంది గానీ ఎక్కడ ఆగాలో దానికి తెలిసినట్టు లేదు. చిన్నది స్టూలు ఎక్కి దూకుతోంది, మళ్ళీ ఎక్కి మళ్ళీ దూకుతోంది. దూకినప్పుడల్లా పిన్ని దాని మడమల్నే చూస్తోంది. ఆనుతున్నాయి. ఈ దూకుడుకి ఆనాయి. దీనికీ ఆనాయి.

"చూశావా, దానికేమైనా ఉందా?" అన్నారు బావగారు. "రాయిలా ఉంది. దానికి సూదెందుకమ్మా? నేనో లెక్క వేశాను. ఒక మూడు వారాలాగి పెద్దదానికి మళ్ళీ నీళ్ళు తీయిద్దాం. ఈసారి చీటీల జోలికే వెళ్ళను, ఒట్టు. అది తేలాకే చిన్నదాని సంగతి."

"మూడు వారాలెందుకు బావగారూ?"

"మొదటి గాయం మానాలి కదా."

"దీని రక్తం ఇప్పుడు పంపినా ఆ జవాబు రావడానికే మూడు వారాలు పడుతుంది. ఈలోపు..."

"ఈలోపు ఏమీ కాదు. తప్పు శాంపిలు మీద మంచి పిల్లకి పరీక్షలేంటమ్మా? నువ్వు ఆ పుస్తకంలో రాశావా లేదా? తప్పు ఎవరిదీ అన్న గడిలో?"

"రాయలేదు."

"రాయి. బంధువు అని రాయి. కావాలంటే నా పేరే రాయి. నేనొచ్చి సంతకం పెడతా."

చిన్నది ఇంకోసారి దూకింది. ఆనాయి.

గురువారం మధ్యాహ్నం రెండో మిషను నడిచింది. ఆ వయసు పిల్లలకి ఉండాల్సిన దానికి ముప్పై రెట్లుంది. మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని సంతకం చేసింది. "నువ్వు ఇంటికెళ్తావా?" అంది.

"ఇంకా యాభై ట్యూబులున్నాయి మేడమ్."

"సరే ఉండు."

డాక్టరు బావగారినీ అక్కనీ పిలిచి చెప్పాడు. ఎంత పొదుపుగా చెప్పినా పావుగంట పట్టింది. అక్క ఆ కుర్చీలోనే ఉండిపోయింది. బావగారు లేచి, మెట్లు దిగి తిన్నగా ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నలుపు, ఒకటి నీలం.

"ఆ పుస్తకం ఇలా తేమ్మా."

పిన్ని తెచ్చింది. తెరిచి ఆయన వైపు తిప్పింది. మంగళవారం తేదీ కింద రక్తం చాలలేదనో, సీసా పగిలిందనో ఎవరెవరివో మూడు వరసలున్నాయి. ఆ తర్వాత ఖాళీ.

"ఇక్కడ రాయి. నా చేత్తో రాయమన్నా రాస్తా. రాత బాగుంటుంది."

"ఇది వెనక్కి పంపినవాటికి బావగారూ. మనది పంపలేదు."

"పంపాల్సింది. వరస తప్పింది కదా, రక్తం కలిసింది కదా. నువ్వే అన్నావు."

"కలిసిందనుకుందాం. మొదటి ప్రోటీను రక్తం వల్లే పెరిగిందనుకుందాం. డాక్టరుగారు చెప్పిన రెండోది ఉంది చూడండి, అది రక్తంలో దాదాపు ఉండదు. నరాల తీగలు అరిగితేనే ఆ నీళ్ళలోకి రాలుతుంది. ట్యూబుల్ని మీరు ఎటునుంచి ఎటు పెట్టినా అది అంతే ఉంటుంది."

"నాలుగింట్లోనూ చూశావా?"

"చూశాను."

"నాలుగింట్లోనూ అంతే ఉందా?"

"అంతే ఉంది."

కిటికీ దగ్గర వరసలో బావగారి వెనక ఒక ముసలాయన మూత్రం సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన సీసాని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మరి నేను పీకి అంటించింది?"

"దానివల్ల ఏమీ మారలేదు. మీ తప్పు లేదు."

"సరిగ్గా చూడమ్మా" అన్నారు బావగారు. "ఎక్కడో ఉంటుంది."

"రెండుసార్లు చూశాను. మీ తప్పేం లేదు బావగారూ."

ఆయన యాభై ఏళ్ళుగా అందరి నోటా అనిపించాలని చూసిన మాట అది. ఆఫీసులో పై అధికారి అనలేదు, కట్టుకున్న పెళ్ళాం అనలేదు, బస్సు కండక్టరు కూడా అనలేదు. ఇప్పుడు ఒకళ్ళు అన్నారు, అదీ రెండుసార్లు. బావగారు పుస్తకాన్ని మూసి, దాని అంచు బల్ల అంచుకి సమంగా వచ్చేదాకా వేలితో జరిపారు.

"బాబూ, నాది కాస్త తీసుకోండి" అన్నాడు వెనక ముసలాయన.

బావగారు పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చారు. సీసా లోపలికి వెళ్ళాక మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చారు.

"చిన్నదాన్ని ఎప్పుడు తీసుకురమ్మంటావు?"

"రేపు పొద్దున్నే. మీరిద్దరూ పెద్దదీ కూడా. నలుగురి రక్తం ఒకేసారి పంపేద్దాం."

"దానికి ఏమీ పెట్టకుండా తీసుకురావాలా?"

"తిన్నా ఫర్వాలేదు."

"అయితే తిననిస్తా" అన్నారు బావగారు.

మర్నాడు నలుగురి రక్తం తీశారు. చిన్నది సూది చూసి ఏడవలేదు, తీసేశాక ఏడిచింది. వార్డు నర్సు చీటీల మీద బరబరా రాసి ట్యూబులకి వంకరగా అంటించింది. చిన్నదాని చీటీ సగం ట్యూబుకి, సగం గాలికి. వద్దన్నా వినకుండా బావగారే వాటిని మోసుకొచ్చారు. ఈసారి లిఫ్టు కోసం కూర్చోకుండా మెట్లు దిగారు. ట్యూబుల్ని కిటికీలోంచి అందిస్తూ ఒకదాన్ని చూపించారు.

"ఇది ఒకటా, ఏడా?"

"ఒకటే బావగారూ. తెలుస్తోంది."

"సరే" అన్నారు. చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళి, అక్కడ బొత్తం ఒకటి సర్దుకుని తిరిగొచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో బంధువులు రెండుగా చీలిపోయి, పద్నాలుగు ప్రశ్నల కాగితాన్ని తమలో తాము మళ్ళీ నింపుకున్నారు. బావగారి వైపు ఐదేళ్ళకే పోయిన ఒక చిన్నత్తయ్య బయటపడింది. ఇన్నాళ్ళూ ఆవిడ జ్వరం వచ్చి పోయింది. అక్క వైపు నడవలేని మావయ్య ఒకాయన బయటపడ్డాడు. ఇన్నాళ్ళూ ఆయన చెట్టుమీంచి పడ్డాడు. ఆ చెట్టు ఏదో ఎవరికీ తెలియదు. రెండు వైపులా తొంభై దాటినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు.

జవాబు వచ్చిన రోజు పిన్ని కాగితాన్ని నిలబడే చదివింది. పెద్దదాని ఒంట్లో ఆ రసం దాదాపు లేదు. బావగారికి సగం. అక్కకి సగం. చిన్నదానికి కూడా సగం.

డాక్టరుని అడిగి తెలుసుకుని ఫోను చేసింది. అక్క ఎత్తింది, పక్కన బావగారి ఊపిరి వినబడుతోంది.

"చిన్నదానికి సగముంది అక్కా."

"సగమేనా?"

"నీకెంతుందో అంతే. మోస్తుంది, దానికేమీ అవదు."

"సగం చాలా?" బావగారి గొంతు.

"చాలు బావగారూ."

"ఇంకోసారి చూశారా?"

"డాక్టరుగారు చూశారు. చాలు."

ఆయన సగంతో సరిపెట్టుకోవడం అదే మొదలు. పెద్దదాని గురించి ఇద్దరూ ఏమీ అడగలేదు. పిన్నీ చెప్పలేదు. ఫోను పెట్టేశాక ఆవిడ మళ్ళీ ట్యూబులు తిప్పుకుంటూ కూర్చుంది. ఎవరిదో చీటీ వంకరగా ఉంటే పీకి నిటారుగా అంటించింది, ఆ ఒక్కదాన్నే.

పెద్దదానికి చెయ్యగలిగింది తక్కువ. ఆ తక్కువే మొదలుపెట్టారు. బిగుసుకుపోయే కాళ్ళకి మందు, మింగడానికి మెత్తటి తిండి, వారానికి రెండుసార్లు వచ్చి కాళ్ళూ చేతులూ వంచి వ్యాయామం చేయించే అమ్మాయి.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పిన్ని వెళ్ళేసరికి హాల్లో గడియారం కింద చీటీ లేదు. అది ఉన్నంత మేర గోడ కొత్త సున్నంలా తెల్లగా ఉంది. స్విచ్చి మీద 'ఫ్యాను' కూడా లేదు. పక్కనున్న మిగతా చీటీలు చిన్నదాని కోసం కింద వరకూ దిగొచ్చాయి, దాని నడుమెత్తుకి.

"పైవి ఏమయ్యాయి?" అని వంటింట్లో అక్కని అడిగింది.

"ఆయనే తీసేశారు. ఇదివరకు రాసేవారు, ఇప్పుడు చెబుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. నా చెవులు పోతున్నాయి." అక్క గిన్నె పక్కన పెట్టింది. "వినిపిస్తుందట పెద్దదానికి. డాక్టరుగారు అన్నారు, అన్నిటికంటే ఆఖర్న పోయేది అదేనట."

హాల్లో బావగారు పెద్దదాన్ని భుజాన వేసుకుని నడుస్తున్నారు. గోడ దగ్గర ఆగారు.

"ఇది ఏంటి?"

పెద్దది కిటికీ వైపు చూస్తోంది. బావగారు ఎదురుచూశారు. అది కూడబలుక్కుని చదివే రోజుల్లో ఎంతసేపు ఆగేవారో అంతసేపూ ఆగారు.

"ఆఁ. గడియారం" అన్నారు. "సరిగ్గా చెప్పావు."

ఆ తర్వాత వరసలో ఫ్యాను.